మేనకోడలు పిల్లకి, బొమ్మల కాపురం గురించి

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

కోడలు పిల్లా,

నువ్వు గీసి పంపిన ప్రేమజంట కామిక్ ఆరు ఎపిసోడ్లూ చూశాను. ఫోన్‌లో నా కళ్లకి ఆనలేదు. అందుకని మీ మావయ్యని బజారుకి పంపి ప్రింటు తీయించాను. ఆయన దారిలోనే అన్నీ చదివేసి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "మూడోది బాగుంది, మిగతా అయిదూ సినిమా" అని తీర్పు చెప్పేశారు. నేను అంత మొహం మీద అనను గానీ మాట మాత్రం ఒప్పుకుంటాను. మూడోదాంట్లో ఆ పిల్ల హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుంటుంటే, కుర్రాడు ఏమీ ఎరగనట్టు బండి అద్దం ఆవైపు తిప్పుతాడు చూడు, అక్కడ నేను పొయ్యి మీద పాలు మర్చిపోయాను. మిగతా వాటిలో వాన, గొడుగు, గాల్లో ఎగిరే ఎర్ర హృదయాలు. మీ రాయగడలో ఆషాఢం వాన ఎలా పడుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ వానలో ఎవరూ నవ్వుతూ నిలబడరు. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడతారు.

"అత్తా, నీలాగా ఏళ్ల తరబడి కామిక్ నడపాలనుంది, ఎలా నడిపావో చెప్పు" అన్నావు. 1984లో నేను మొదలెట్టినప్పుడు ఏళ్ల తరబడి అన్న ఆలోచనే లేదు. ఒక వారపత్రిక వాళ్లు పది వారాలకి అడిగారు. కొత్తగా పెళ్లయిన జంట, వారానికి నాలుగు గడులు, తిరుగు స్టాంపులు జత చెయ్యాలి. పది కాస్తా వందయింది. ఆ పత్రిక మూతపడింది, ఒక మాసపత్రిక దొరికింది, అదీ పోయింది. మధ్యలో రెండేళ్లు ఎవరూ అచ్చెయ్యకపోయినా గీసి బీరువాలో పెట్టుకున్నాను. మొదట్లో నా బొమ్మల జంటలో ఆయనకి ఇరవై ఏడు, ఆవిడకి ఇరవై రెండు. ఇప్పుడు ఆయనకి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి షుగరు.

నువ్వు ముందు తేల్చుకోవాల్సింది అదే. నీ జంటకి వయసు వస్తుందా, రాదా?

రాకపోయినా తప్పేం లేదు. ఇంగ్లీషు పేపర్లలో బ్లాండీ అనే అమెరికా కామిక్‌ని చూసే ఉంటావు. అది 1930 సెప్టెంబరులో మొదలైంది. 1933 ఫిబ్రవరిలో బ్లాండీకీ డాగ్‌వుడ్‌కీ పెళ్లయింది. అతను కోటీశ్వరుడి కొడుకు, ఆ పిల్లని చేసుకుంటే చిల్లిగవ్వ రాదన్నారు ఇంట్లో. నిరాహార దీక్ష పట్టి మరీ చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు, టీనేజీ దాకా పెరిగారు, అక్కడే ఆగిపోయారు. గీసిన చిక్ యంగ్ 1973లో పోయాడు, కొడుకు అందుకున్నాడు. డాగ్‌వుడ్ మాత్రం ఇంకా అదే సోఫాలో కునుకు తీస్తున్నాడు. మన గోడ మీద కేలండరు లాంటిదన్నమాట. కింద నెలలు చిరుగుతూ ఉంటాయి, పైన దేవుడి మొహం మారదు.

ఇంకో దారి అమెరికా కార్టూనిస్టు ఫ్రాంక్ కింగ్‌ది. ఆయన 'గ్యాసొలీన్ ఆలీ' 1918లో కార్లున్న మగవాళ్ల కబుర్లతో మొదలైంది. 1921 ఫిబ్రవరి 14న వాల్ట్ అనే బ్రహ్మచారి గుమ్మం ముందు ఎవరో పసిబిడ్డని వదిలిపెట్టి పోయారు. ఆ బిడ్డ మన పిల్లల్లాగే రోజుకొక రోజు చొప్పున పెరిగాడు. బడికెళ్లాడు, రెండో ప్రపంచ యుద్ధానికెళ్లాడు, పెళ్లి చేసుకున్నాడు. కెనడాలో లిన్ జాన్‌స్టన్ కూడా 1979 నుంచి 2008 దాకా ఒక ఇంటిల్లిపాదినీ అలాగే పెంచింది. 1995లో వాళ్ల ముసలి కుక్క, ఏట్లో పడ్డ చిన్నపిల్లని కాపాడి తను చచ్చిపోతే, సొంత కుక్క పోయినట్టు జనం ఆవిడకి ఉత్తరాలు రాశారు.

నాకు అప్పట్లో ఈ కథలేవీ తెలియవు. ఏదీ తేల్చుకోకుండా మూడేళ్లు లాగించాను. నా జంట మూడేళ్లూ కొత్త దంపతులే. 1987లో ఇచ్ఛాపురం నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో ఒకటే వాక్యం: "మీ అమ్మాయికి పెళ్లై మూడేళ్లయింది, ఇంకా విశేషం ఏమీ లేదా?" పత్రికాఫీసులో అందరూ తెగ నవ్వుకుని నాకు పంపారు. నాకు నవ్వు రాలేదు. అప్పటికి నా పెళ్లయి అయిదేళ్లు. అదే ప్రశ్న నన్ను గుళ్లో అడిగారు, రైల్లో అడిగారు, గాజుల కొట్లో చెయ్యి పట్టుకుని మరీ అడిగారు. ఇప్పుడు బొమ్మలో ఉన్నదాన్ని కూడా వదల్లేదు.

ఆ వారం గీసింది చెప్తాను. మొదటి గడిలో ఆవిడ పేరంటం నుంచి వస్తుంది, కొంగులో శనగలు. రెండో గడిలో పోస్టుమేన్ కార్డు ఇస్తాడు. మూడో గడిలో ఆయన కార్డు చదివి తలెత్తి ఆవిడని చూస్తాడు, మాట లేదు. నాలుగో గడిలో ఇద్దరూ వీధి మెట్ల మీద కూర్చుని శనగలు తింటుంటారు. కార్డుని పొట్లంలా చుట్టి శనగలు అందులో పోసుకున్నారు. అంతే. ఆ బొమ్మ అచ్చయ్యాక విశేషం అడిగే కార్డులు రాలేదు. వాటి బదులు నలుగురు ఆడవాళ్లు తమ సంగతులు రాశారు, ఇద్దరు చిరునామా లేకుండా. అవి చదివాక ఇక ఆ జంటని కేలండరు దేవుళ్లలా ఉంచడం నా వల్ల కాలేదు. ఆ ఏడాది నుంచి వాళ్లకి ఏడాదికొక ఏడాది వేస్తూ వచ్చాను. 1989లో నాకు కొడుకు పుట్టాడు. వాళ్లకీ ఇచ్చాను.

వయసు ఇస్తానంటే మాత్రం దొంగలెక్క పనికిరాదు. నీకు ముద్దొచ్చిన వయసు దగ్గర బండి ఆపి, తర్వాత ఒక్కసారిగా పదేళ్లు దూకిస్తే చదివేవాళ్లు కనిపెట్టేస్తారు. తల నెరిపించడం తేలిక, బ్రష్షుతో రెండు గీతలు వదిలేస్తే చాలు. కానీ మనిషిలో ముందు మారేది జుట్టు కాదు. నలభై దాటాక ఆవిడ నేల మీంచి లేచేటప్పుడు ముందు ఒక చెయ్యి ఆనిస్తుంది. ఆయనకి కళ్లజోడు రావడానికి ముందు రెండేళ్లు పేపరు చాచిన చేతి దూరంలో పట్టుకుని చదువుతాడు. ఆ రెండేళ్లూ "కరెంటు బాగా డిమ్ముగా ఉంది" అంటాడు. మీ అమ్మానాన్నల్ని వారం రోజులు దొంగతనంగా చూడు, నీకు ఏడాదికి సరిపడా దొరుకుతుంది.

ఒక ఖాతా పుస్తకం పెట్టుకో. కిరాణా కొట్లో ఎర్ర అట్టతో ఉంటుందే, అదే. పుట్టినరోజులు, పెళ్లిరోజు, ఎవరి చెయ్యి వాటం ఎటు, ఎవరికి వంకాయ పడదు, అన్నీ రాయి. 1991లో నాకు జ్వరం వచ్చి లేచాక ఆవిడ పుట్టుమచ్చ ఎడమ చెంప నుంచి కుడి చెంపకి మారిపోయింది. ఆరు వారాలు నేను చూసుకోలేదు. గుణుపురం నుంచి ఒక మాస్టారు రాశారు, "అమ్మా, ఆయన రెండో పెళ్లి చేసుకున్నట్టున్నాడు, మాకు చెప్పలేదేం?" అని.

సామాన్లకీ అదే పుస్తకంలో రెండు పేజీలు వదులు. 1985లో వాళ్ల మొదటి పెద్ద పోట్లాటలో ఒక స్టీలు గ్లాసు కింద పడి సొట్టపోయింది. ఆ సొట్ట నేను ఇప్పటికీ గీస్తాను. మొదట్లో ఆవిడ కోపంగా ఉన్న రోజు కాఫీ ఆయనకి ఆ గ్లాసులోనే ఇచ్చేది. పదేళ్లకి ఆయన మాట లేకుండా తనే ఆ గ్లాసు తీసుకునేవాడు, అంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఇంకో పదేళ్లకి చుట్టాలకెవరికో పొరపాటున అందులో కాఫీ వెళ్తే ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ఒక్క మాటల బెలూను అక్కర్లేదు. ఇలాంటి వస్తువు నువ్వు ముందే ప్లాన్ చేస్తే దొరకదు. గీసినవి పారెయ్యకుండా వెనక్కి తిరిగి చూసుకుంటే దొరుకుతుంది.

ఇక మాట. నీ పిల్లలిద్దరూ ఒకళ్లనొకళ్లు "బేబీ" అనుకుంటున్నారు. రాయగడలో అలా అనుకోరు అనను, అనుకుంటారేమో. కానీ ఆ పిల్ల ఇంట్లో ఉండగా అతని ఫోన్ వస్తే ఆ బేబీ ఏమవుతాడు? "ఆఁ, సార్, నోట్స్ రేపు తెస్తాను సార్" అవుతాడు. ఆ "సార్"ని గీయి. పక్కన పప్పు రుబ్బుతున్న తల్లి చెవులు గీయి.

మన భాషలో మొగుడూ పెళ్లాల సంగతంతా పిలుపులో తెలిసిపోతుంది. నా జంటకి నేను పేర్లే పెట్టలేదు, ఎందుకంటే మొదట్లో పేర్లతో పనే పడలేదు. ఆవిడ "ఏవండీ", ఆయన "ఇదిగో". ఆయన పొరపాటున పేరు పెట్టి పిలవబోతే పక్కగదిలో అత్తగారు దగ్గేది, బెలూను సగంలో ఆగిపోయేది. కోపం వస్తే గోడకి చెప్పుకునేవాళ్లు, "ఈ ఇంట్లో కొందరికి చెవులు లేవు" అని. పిల్లాడు పుట్టాక గోడ స్థానంలో వాడొచ్చాడు. "మీ నాన్నకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని." "మీ అమ్మకి చెప్పు, ఆకలి లేదని." వాడు మధ్యలో కూర్చుని తన అన్నం తను తినేవాడు. 2005లో వాణ్ణి ఇంటరుకి విశాఖపట్నం హాస్టల్లో వేశారు. ఆ రాత్రి పోట్లాట వచ్చింది, మధ్యలో ఎవరూ లేరు. మూడు గడులు ఇద్దరూ ఖాళీ పీట వైపు చూశారు. నాలుగో గడిలో ఆయన "ఏమోయ్" అన్నాడు, ఇరవై ఏళ్లలో మొదటిసారి. ఆ "ఏమోయ్" కోసం నాకు ఇరవై ఏళ్లు పట్టింది, ముందు రాసేసుకుంటే అది ఉత్త "ఏమోయ్".

2016లో వాడు ఒడియా పిల్లని చేసుకున్నాడు. మన వైపు అది వింతేం కాదు, ప్రతి వీధిలో ఒక పెళ్లి ఉంది. వాడు ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిల్ల వాళ్లమ్మని వెక్కిరిస్తూ వెక్కిరిస్తూ అలవాటైపోయి "శుణుచొ" అంటుంది. అత్తగారికి ఒడియా వచ్చినా అడుగుతుంది, "అదేం పేరే?" అని. "పేరు కాదత్తా, వింటున్నావా అని. మీ 'ఏవండీ'కి చెల్లెలు" అంటుంది కోడలు. ఆ ఇంట్లో చద్దన్నం పక్కన పఖాళ గిన్నె వచ్చింది. రెండూ నీళ్లు పోసిన అన్నమేనని ఒప్పుకోవడానికి వాళ్లకి ఆరు నెలలు పట్టింది. ఆయన డబ్బు లెక్క ఒడియాలోనే వేసుకుంటాడు, బడి ఒడియాది కనక. దేవుడికి మొక్కడం తెలుగులో. ఇవన్నీ నీ చుట్టూ ఉన్నవే, మరి నీ బెలూన్లలో హైదరాబాదు ఎందుకు మాట్లాడుతోంది? "ఏటంటావు", "ఎల్లొస్తాను" అని రాయడానికి సిగ్గెందుకు? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని రాస్తున్నాను. ఆయన వాడుక భాష కోసం ఊరందరితో పోట్లాడారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. కనీసం బొమ్మల్లో మనుషులైనా నోటితో మాట్లాడినట్టు మాట్లాడాలి.

ఈ మూల నుంచి గీస్తే ఎవరు చూస్తారు అని కూడా రాశావు. మీకు అవతల కోరాపుట్ జిల్లా జయపురం ఉంది కదా. తెలుగు కార్టూన్‌కి ఆద్యుడని చెప్పుకునే తలిశెట్టి రామారావుగారు 1906లో పుట్టింది అక్కడే. మే 20, ఆయన పుట్టినరోజునే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం చేసుకుంటున్నాం. మూలేమీ కాదు.

దగ్గరితనం ఎలా గీయాలో నాకు నేర్పింది చిన్న రైలు. నువ్వు చిన్నప్పుడు ఎక్కావు, గుర్తుందో లేదో. నౌపడా నుంచి 1900లో పర్లాకిమిడి దాకా వేశారు, 1931లో గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగిలేవి. నా జంటలో ఆవిడ పుట్టిల్లు గుణుపురం. అందుకని ప్రతి సంక్రాంతి సంచికకీ వాళ్లని ఆ రైలెక్కించేదాన్ని. అదే బల్ల, అదే కిటికీ, అదే వైపు నుంచి బొమ్మ. 1985లో ఇద్దరి మధ్యా టిఫిన్ కేరియర్ ఉంది. 1986లో కేరియర్ ఆవిడ ఒళ్లోకి వచ్చింది, మధ్య ఖాళీ ఉంది, కానీ అది చెయ్యెడు. 1988లో ఆ ఖాళీ లేదు, ఆవిడ మొహం కిటికీ వైపు ఉంది. (ఆ ఏడాది సంగతి నీకు మీ అమ్మ ఎప్పుడైనా చెప్తుంది.) 1990లో ఒళ్లో పిల్లాడు. 1996కి పిల్లాడు కిటికీ లాక్కున్నాడు, ఇద్దరూ ఇటు పక్కకి జరిగి మళ్లీ మధ్యలో సంచీ పెట్టుకున్నారు. అలసిపోయిన మొగుడూ పెళ్లాల మధ్య సంచీ ఉంటుంది, గమనించు.

2004లో పట్టాలు వెడల్పు చెయ్యడానికి ఆ రైలు ఆపేశారు. తర్వాతి సంక్రాంతికి ఏం గీయాలో తోచలేదు. బస్సులో నిలబెట్టాను. చెరో కమ్మీ పట్టుకుని, మధ్యలో ఎవరిదో మేకపిల్ల. ఏడు సంక్రాంతులు బస్సే. 2011లో గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది. 2012 సంక్రాంతికి మళ్లీ అదే వైపు నుంచి గీశాను. బల్ల పెద్దది, ఎంత కావాలంటే అంత చోటుంది. పెన్సిలుతో ముందు హాయిగా, దూరంగా కూర్చోబెట్టాను. బాగోలేదు. చెరిపి చిన్న రైల్లో కూర్చున్నట్టే మోకాలికి మోకాలు ఆనించి కూర్చోబెట్టాను. చోటంతా మిగిలిపోయింది. ఆ సంవత్సరం వచ్చినన్ని ఉత్తరాలు నాకు ఇంకెప్పుడూ రాలేదు, అందులో సగం రైలు గురించే అనుకో.

కాబట్టి నువ్వూ ఒక చోటు ఎంచుకో. టీ కొట్టు బల్లో, బస్టాండు గట్టో. ఏడాదికొకసారి అక్కడికి తీసుకెళ్లి ఒకే కోణంలో గీయి. కొట్టు బోర్డు మారుతుంది, కప్పు గాజు నుంచి కాగితానికి మారుతుంది. వాళ్ల మధ్య ఖాళీ ఎంత అన్నది ఆ రోజు చెయ్యికే తెలుస్తుంది.

కాలం సామాన్లలో కూడా కనపడాలి. నా వాళ్లకి మొదట ఇన్‌లాండ్ లెటర్లు, తర్వాత పసుపు బోర్డు ఎస్టీడీ బూత్, తర్వాత మిస్డ్ కాల్. టెలిగ్రాములు 2013 జూలైలో ఆపేశారు, అప్పుడు ఆవిడ ట్రంకులోంచి పాతదొకటి తీసి చదువుకుంది. సెల్‌ఫోన్ కొత్తలో మన హద్దు ఊళ్లలో ఒక తమాషా ఉండేది. ఇంట్లో కూర్చుంటే ఒడిశా టవరు, పెరట్లోకి వెళ్తే ఆంధ్రా టవరు, రోమింగు పడేది. ఆయన డబ్బులు పోతాయని ఆవిణ్ణి పెరట్లోంచి లోపలికి పిలుస్తాడు, ఆవిడ లోపల అత్తగారు వింటుందని పెరట్లోకి పోతుంది. దాంతో నాలుగు వారాలు గడిచాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త చెప్తాను. ఇంట్లోంచి దొంగిలించకుండా ఇలాంటి కామిక్ నడవదు. దొంగిలిస్తే దొరికిపోతావు. 1992లో మీ మావయ్య నాకు చెప్పకుండా ఒక స్నేహితుడికి జామీను సంతకం పెట్టారు. అతను అప్పు ఎగ్గొట్టాడు, మా జీతంలోంచి కోత పడింది. నాకు ఒళ్లు మండి, ఉన్నది ఉన్నట్టు నాలుగు గడుల్లో గీసి పంపేశాను. ఆయన దాన్ని మంగలి షాపులో చూశారు. ఆయనొక్కరే చూస్తే ఫరవాలేదు, మంగలి పైకి చదివాడు, షాపంతా నవ్వింది. సగం గడ్డంతో ఇంటికొచ్చారు. మీ మావయ్య గడ్డం పూర్తయ్యాకే వచ్చానంటారు, నాకు మాత్రం సగమే గుర్తు. పదకొండు రోజులు మాట్లాడలేదు. నాకు ఆ పదకొండు రోజుల్లో తెలిసింది, నేను గీసింది నవ్వుల బొమ్మ కాదు, ఫిర్యాదు. ఊరందరికీ కాపీలు పంచాను.

అప్పటి నుంచి మాకొక ఒప్పందం. పెన్సిలు దశలో ఆయనకి చూపిస్తాను. ఏడాదికి ఒక్కసారి "ఇది వద్దు" అనే హక్కు ఆయనకుంది, కారణం చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లలో పధ్నాలుగు సార్లు వాడుకున్నారు. పన్నెండు సార్లు ఆయన చెప్పిందే సరి. మిగతా రెండూ మంచి బొమ్మలు, ఇంకా బీరువాలోనే ఉన్నాయి, ఆయనకి తెలుసు.

దొంగతనంలో ఇంకో కిటుకు ఉంది. జరిగింది జరిగినట్టు వెంటనే గీయకు, అయిదేళ్లు నానబెట్టు. తర్వాత తప్పు ఎవరిదో తిప్పెయ్యి. జామీను సంతకం ఆవిడ పెట్టిందనుకో, చెల్లెలి మొగుడి కోసం, ఆయనకి చెప్పకుండా. అప్పుడు నాకు ఆవిడ భయం కూడా గీయాల్సి వచ్చేది, అది మీ మావయ్య భయమే. అప్పుడు బొమ్మలో ఇద్దరూ ఉండేవారు. నేను గీసినదాంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

అన్నట్టు, బండి అద్దం తిప్పిన కుర్రాడెవరో నేను అడగను. మీ నాన్న అడుగుతాడు. బండి నంబరు ప్లేటు అంత శ్రద్ధగా ఎందుకు గీశావు? చెరిపెయ్.

మొదట్లో నేనూ అప్పడాల కర్ర బొమ్మలు వేశాను. అందరూ వేసేవారు, పత్రిక వాళ్లూ అవే అడిగేవారు. పెళ్లాం కర్రతో గుమ్మంలో, మొగుడు బూట్లు చేత్తో పట్టుకుని. ఇప్పుడు ఆ పుస్తకం తెరిస్తే నాకు విసుగొస్తుంది. ఆ రెండేళ్ల పోట్లాటల్లో వాళ్లిద్దరూ దేని గురించి పోట్లాడుకున్నారో ఒక్కటీ గుర్తు లేదు. కర్ర చేతికిచ్చాక కారణం గీయక్కర్లేదు కదా, అదీ అందులో సుఖం. నీకు కర్ర బదులు ఫోన్ చెక్ చెయ్యడం, స్టేటస్ పెట్టి ఏడిపించడం దొరుకుతాయి. అవీ అంతే.

వారానికి ఒకటి చాలు. రోజూ పెట్టమని ఆ ఫోన్ నీకు టెన్షన్ పెడుతుంది, పట్టించుకోకు. ఎప్పుడూ నాలుగు వారాలవి ముందే చేసి ఉంచు. డబ్బు సంగతి నన్నడక్కు, నాకు వచ్చినదాంతో ఇండియన్ ఇంకూ, పోస్టేజీ వెళ్లిపోయేవి, పండక్కి ఒక చీర.

ఆపడం కూడా తెలియాలి. 'లవ్ ఈజ్' అని ఒక గడి బొమ్మలు వచ్చేవి, బట్టల్లేని బొద్దు జంట. గీసిన కిమ్, తను ప్రేమించిన రాబర్టో కోసం చీటీల మీద వేసుకున్న బొమ్మలవి. 1970 జనవరి నుంచి పేపర్లో వచ్చాయి, అతన్నే పెళ్లి చేసుకుంది. 1975లో అతనికి కేన్సరని తెలిసింది. ఆవిడ బొమ్మలు బిల్ ఆస్ప్రీ అనే ఆయనకి అప్పజెప్పి మొగుడి దగ్గర కూర్చుంది. 1976లో అతను పోయాడు. నేను అలా చెయ్యలేదు. 1996లో మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, మంచాన పడ్డప్పుడు నాలుగు వారాలు ఆస్పత్రి బెంచీ మీద అట్ట పెట్టుకుని గీశాను, ఒక్క వారం తప్పలేదని గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ నాలుగూ ఇప్పుడు చూడు, పుస్తకంలో జెండా పెట్టాను. అందరి కళ్లూ ఒకేలా ఉంటాయి, చుక్కల్లాగ. "ఈ నెల లేదు" అని రాసుంటే ఎవరూ చచ్చిపోయేవారు కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా కప్పు ఎలా కారిందో నీకు తెలుసు, నువ్వే కదా వచ్చి బట్టలు ఎత్తిపోశావు. బీరువా అడుగు అరలో 1993 నుంచి 97 దాకా ఉన్న అసలు బొమ్మలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇండియన్ ఇంకు నిలబడింది, నీలం వాటర్ కలర్ అంతా దిగిపోయింది. విడదీయబోతే ఆయన మొహం ఆవిడ చీర మీదికి వచ్చింది. నువ్వు ఫోన్‌లో గీస్తావు కాబట్టి నీకా భయం లేదనుకోకు. ఫోన్ బావిలో పడితే? రెండు చోట్ల దాచుకో, ఏడాదికొకసారి మంచి కాగితం మీద ప్రింటు తీసి పై అరలో పెట్టు. పై అర, మర్చిపోకు.

ఖాతా పుస్తకాలు నాలుగూ మీ నాన్న చేత పంపిస్తున్నాను, పాలిథిన్ కవరులో చుట్టి. రెండో పుస్తకం మధ్య పేజీల్లో ఆ ఇచ్ఛాపురం కార్డు ఉంటుంది, కింద పడనీకు. అయిదోది ఇవ్వను, అది ఇంకా నడుస్తోంది. నీ ప్రింట్లలో అయిదింటి మీద ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టాను, అవీ కవర్లోనే ఉన్నాయి. మూడోది మాత్రం వెతక్కు. మీ మావయ్య దాన్ని కేలండరు మేకుకి గుచ్చారు, అడిగితే ఇవ్వనంటున్నారు.

ఏడోది గీసినప్పుడు ఆ హెల్మెట్ తీసి ఎక్కడ పెట్టిందో చూపించు. అప్పటి నుంచి మేమిద్దరం అదే అనుకుంటున్నాం.

నీ అత్త